మా బావ కుట్టిన జెండా

మా అక్క మొగుడు దర్జీ. వరసకు బావ కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుండేది. ఇప్పుడు ఆ హక్కు వదులుకున్నాను.

ఆయన కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంటుంది. ఒక మిషను, ఒక కత్తిరింపుల బల్ల పడితే మనిషి పక్కకు ఒరిగి నిలబడాల్సిందే. బడి యూనిఫారాలు కుట్టుకుంటూ బతికే ఆయనకు ఊళ్లో కొత్తగా వెలిసిన ఒక విశ్వవిద్యాలయం పట్టాల పండుగ గౌన్ల పని ఇచ్చింది. పైన నలుపు, లోపల గులాబీ లైనింగు. ఇక బావ కాళ్లు నేలమీద ఆనలేదు. నోరు తెరిస్తే "మా యూనివర్సిటీ" అనేవాడు.

"నువ్వేమన్నా ఛాన్సలరువా బావా?" అని నేనంటే, "నా గౌను లేకపోతే ఆ ఛాన్సలరు బనీనుతో నిలబడాలి మరదలా" అనేవాడు.

ఆ గౌన్లకు ఒక్కరూ కొలతలివ్వలేదు. అన్నీ ఒకటే సైజు. అవే మళ్లీ మళ్లీ చంకల్లో చిరిగి బాగుచేతకు వచ్చేవి. ఫొటో కోసం ఒకరు విప్పితే ఇంకొకరు తొడుక్కునేవారట. "ఎంత పొదుపైన మనుషులో!" అని మురిసిపోయాడు మా వెర్రి బావ. గౌను ఉన్నచోట చదువు ఉండి తీరుతుందని ఆయన నమ్మకం.

కూతురిని మాత్రం ఒక్కనాడూ సూది ముట్టుకోనివ్వలేదు. పిల్ల బొత్తాం ఊడి కుట్టుకోబోయినా, "నువ్వు పుస్తకం పట్టుకో తల్లీ, ఈ పని నాతోనే ఆగిపోవాలి" అనేవాడు. మా పిల్ల, చెవులు వినపడని పిల్లల బడిలో ఆయాగా చేరి, సైగలతో లెక్కలు చెప్పేదాకా వచ్చింది. డిగ్రీ ఒకటి ఉంటే టీచరైపోతుంది. తండ్రి మాట మీద ఆ విశ్వవిద్యాలయంలోనే పోస్టు ద్వారా చదువుకి చేరింది. నిజంగానే చదివింది. వాళ్లు అడగని వ్యాసాలు కూడా రాసి పంపింది. అక్కడ వాటిని ఎవరూ విప్పి చూసి ఉండరు.

ఇంతలో విశ్వవిద్యాలయాల మీద సర్కారు తనిఖీలు మొదలయ్యాయి. రాత్రికి రాత్రి బావ యూనివర్సిటీ బోర్డు మాయం. కొన్నాళ్లకు దాని యజమాని స్వయంగా బావ కొట్టుకు వచ్చి, "మేం ఫారిన్ వెళ్లిపోతున్నాం. అది కొత్త దేశం. జెండా కావాలి" అన్నాడు. ఆ దేశమంటే నడిసముద్రంలో ఎవరో వదిలేసిన ఇనుప కట్టడం. ఒకాయన దానిమీద కుర్చీ వేసుకుని నేనే రాజునన్నాడు. దాన్ని దేశమని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టే, తనిఖీకి వచ్చేవాళ్లుండరని వీళ్లు కాగితాల మీద అక్కడికి చేరారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

"ఏ రంగులు సార్?" అని బావ అడిగితే, "నీ దగ్గర ఏ గుడ్డ మిగిలింది?" అన్నాడట.

నలుపు, గులాబీ మిగిలాయి. వాటినే అతికి కుట్టి, ఒక దేశానికి జెండా కుట్టానని వీధంతా చెప్పుకున్నాడు.

ఆ జెండా ముద్రతోనే మా పిల్ల పట్టా వచ్చింది. బావ కూతురికొక గౌను కుట్టాడు. ఆయన జీవితంలో కొలతలు తీసి కుట్టిన గౌను అదొక్కటే. అది వేసుకుని బడికి వెళితే పిల్లలంతా చేతులు పైకెత్తి ఆడించారు. వాళ్ల చప్పట్లు అవే.

టీచరు పోస్టుకి పట్టాను పరిశీలనకు పంపితే, అలాంటి దేశమే లేదని జవాబొచ్చింది. దొంగ పట్టా ఇచ్చిన మనిషిని ఆయాగా కూడా ఉంచడానికి వీల్లేదట. ఆ మాట చెబుతూ హెడ్మిస్ట్రెస్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పిల్ల నేరుగా కొట్టుకు వచ్చింది. నా జాకెట్టు కోసం నేనూ అక్కడే ఉన్నాను. పట్టాను బల్లమీద పరిచింది. దాని మీది ముద్రను చూసి, తలెత్తి అరలో మడతపెట్టిన గులాబీ గుడ్డను చూసింది. బావ తల దించుకున్నాడు.

"నేను చదివింది నిజమే కదా నాన్నా?"

"నిజమేనమ్మా. నా కుట్టే దొంగది."

"పిల్లలకి వెళ్లొస్తానని చెప్పలేకపోయాను పిన్నీ. చేతులు లేవలేదు" అంది నావైపు తిరిగి. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది ఏడవలేదు.

కాసేపటికి స్టూలు లాక్కుని కూర్చుంది. కుప్పలోంచి బొత్తాం లేని ఒక బడి చొక్కా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేర్పు నాన్నా" అంది.

బావ వద్దంటాడనుకున్నాను. ఆయన సూదిలో దారం ఎక్కించాలని చాలాసేపు చూశాడు. కొస తడిపి మళ్లీ దూర్చాడు, ఎక్కలేదు. చివరికి సూదీ దారమూ రెండూ కూతురి చేతికిచ్చాడు.