ఉల్లి బస్తాకు కట్టిన అగ్గిపెట్టె

మంగళవారం పదకొండింటికి తాడేపల్లిగూడెం నుంచి ఉల్లిపాయల వ్యాను ఆకివీడు వచ్చింది. ఏసుకుమార్ చేతిలోని రాగితీగ పక్కన పెట్టి షాపు మెట్టు దిగాడు. చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లకు వైండింగ్ చేయడం అతని పని. వ్యాను దిగిన పాపారావు ఖాళీ చేతులు చూపించాడు.

“ఇవ్వలేదండి.”

“మర్చిపోయాడేమో.”

“నేనూ అదే అనుకుని ఇంటికెళ్ళి అడిగానండి. ‘ఈ వారం లేదు, వెళ్ళు’ అన్నారు రాజుగారు.”

ఏసుకుమార్ మళ్ళీ మోటారు ముందు కూర్చున్నాడు. ఎన్ని చుట్లు చుట్టాడో మర్చిపోయి, చుట్టిందంతా విప్పి మొదటి నుంచి చుట్టాడు.

పద్దెనిమిదేళ్ళుగా ప్రతి మంగళవారం ఆ వ్యానులో, ఒక బస్తా మూతి తాడుకు, ప్లాస్టిక్ కవరు చుట్టిన అగ్గిపెట్టె కట్టి ఉండేది. అందులో పెన్‌డ్రైవ్. పాపారావు అది విప్పి, “మీ రాజ్యం వచ్చిందండీ” అని అందించేవాడు. శుక్రవారం అదే వ్యానులో అది తిరిగి వెళ్ళేది. అటునుంచి పంపేది వెంకట్రాజు, ఇటునుంచి పంపేది ఏసుకుమార్. పెన్‌డ్రైవ్‌లో ఉండేది ఒక ఆట.

వాళ్ళిద్దరూ కలిసింది ఏలూరులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, రెండువేల ఒకటిలో. వెంకట్రాజుది ఉండి ఊళ్ళో రాజుల ఇల్లు. ఏసుకుమార్‌ది ముదినేపల్లి పక్క పల్లెలో కూలి కుటుంబం. ఉండిలో వెంకట్రాజు ఇంటికి వెళ్తే ఏసుకుమార్ అరుగు మీద నిలబడే మాట్లాడాల్సి వచ్చేది. ఇన్‌స్టిట్యూట్‌లో మాత్రం ఒక కంప్యూటర్‌కి ఇద్దరు, ఇద్దరికీ ఒకే ఎత్తు కుర్చీలు. ఆ కంప్యూటర్‌లో ఎవరో ఎక్కించి వదిలేసిన ఆట అది. గళ్ళ నేల మీద కోటలు, ఏర్లు, అడవులు, కొద్దిపాటి సైన్యం. ఒకరి వంతు అయ్యాక తెర నల్లబడి రెండోవాడి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరి సైన్యం ఉన్నంత మేరే వాళ్ళకు కనపడుతుంది, మిగతాదంతా చీకటి. అందుకని ఒకడు ఆడుతుంటే రెండోవాడు కుర్చీ తిప్పుకుని కిటికీలోంచి కాలువ గట్టు చూస్తూ కూర్చునేవాడు. వెనక్కి తిరిగి చూడకూడదు. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆ ఆట మూడో భాగం వచ్చింది, నాలుగోది వచ్చింది. బొమ్మలు మెరిసిపోయేవి, సైనికుడి మీసం కూడా కనపడేది. ఇద్దరూ కొన్నాళ్ళు ఆడి, మొదట ఆడిన రెండో భాగానికే తిరిగొచ్చారు. అందులో ఏనుగు ఒక గడి కదిలితే ఎందుకు కదిలిందో ఆలోచించడానికి కావలసినంత వ్యవధి ఉండేది. మనం మీట నొక్కేదాకా శత్రువు కదలడు. మధ్యలో మోటారు తగలబెట్టుకుని రైతు వచ్చినా, పిల్లకు జ్వరం వచ్చినా ఆట ఎక్కడిదక్కడే ఆగి ఉంటుంది. ఆ ఆటలో ఏసుకుమార్‌కు అన్నిటికంటే నచ్చింది అదే.

వెంకట్రాజుకు గూడెం ఉల్లి మార్కెట్‌లో గుమాస్తా ఉద్యోగం వచ్చాక అగ్గిపెట్టె మొదలైంది. ఫోన్లొచ్చాక ఒకసారి వాట్సాప్‌లో పంపుకున్నారు. పది నిమిషాలకో వంతు చొప్పున మూడు రోజుల్లో ఆట అయిపోయింది. నాలుగో రోజు వెంకట్రాజు ఫోన్ చేసి, “ఒరేయ్, ఇలా అయితే వచ్చే వారం ఏం చేస్తాం?” అన్నాడు. మళ్ళీ అగ్గిపెట్టెకే వచ్చారు.

రెండేళ్ళ కిందట వెంకట్రాజు కిడ్నీలు పాడయ్యాయి. బుధ, శనివారాలు ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఉద్యోగం మానేశాడు. ఆట మాత్రం మానలేదు. ఇప్పుడు నడుస్తున్న ఆటలో అతనికి మిగిలింది ఒక్క కోట. దానికి తన ఊరి పేరే పెట్టుకున్నాడు, ఉండి అని. లోపల ముగ్గురు విలుకాళ్ళు. ఏసుకుమార్ ఏనుగులు పద్నాలుగు, రెండు గళ్ళ దూరం దాకా వచ్చేశాయి.

ఆరు వారాల కిందట ఏసుకుమార్ ఆ ఏనుగుల్ని ఏరు దాటించి వెనక్కి తీసుకుపోయాడు. తర్వాతి వారం కొంచెం ముందుకు, ఆ పైవారం పక్కకు. కోట పడితే ఆట అయిపోతుంది. ఇంకో ఆట ముగిసేదాకా వెంకట్రాజు ఉంటాడో లేదో. అందుకని ముగించకుండా తిప్పుతున్నాడు. ఈ సంగతి భార్య ప్రసన్నకుమారికి కూడా చెప్పలేదు.

బుధవారం పొద్దున్నే షాపుకు తాళం వేసి ఏలూరు వెళ్ళాడు. వెంకట్రాజు మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన మెషిన్ తిరుగుతోంది. వెంకట్రాజు భార్య గీతాంజలి, “కూర్చోండన్నయ్యగారూ, కాఫీ తెస్తాను” అని బయటికి వెళ్ళింది.

“పని మానుకొచ్చావా?” కళ్ళు తెరవకుండానే అడిగాడు వెంకట్రాజు.

“పెన్‌డ్రైవ్ ఏదిరా?”

“నీ ఏనుగులు ఆరు వారాలుగా ఏటిగట్టున మేస్తున్నాయి. కడుపు నిండాక పంపుదామని ఆగాను.”

ఏసుకుమార్ నేల చూశాడు. ఒకరి వంతు మొదలవగానే అవతలివాడి కదలికలు కోట మీంచి కనపడినంత మేర ఆట చూపిస్తుంది. ఇన్నేళ్ళుగా తెలిసిన విషయమే. ఈ ఆరు వారాలూ దాని సంగతే తోచలేదు.

“దారి చూసుకుంటున్నాను” అన్నాడు.

“ముగ్గురు విలుకాళ్ళ మీదికి దారా? నా పెళ్ళివారంలో నా రేవు కొట్టేశావు. మా నాన్న పోయిన వారం రెండు కోటలు తీసుకున్నావు. అప్పుడు దారి బాగానే కనపడిందే.”

“అది వేరు.”

“ఏం వేరు?”

వెంకట్రాజు కళ్ళు తెరిచాడు.

“అందరూ నాతో మెల్లిగా మాట్లాడుతున్నార్రా. డాక్టరుగారు, సిస్టరు, మా ఆవిడ. బస్తా తూకం తేడా వస్తే అమ్మనాబూతులు తిట్టిన షావుకారు కూడా మొన్న వచ్చి ‘వెంకట్రాజుగారూ’ అన్నాడు. మంగళవారం అగ్గిపెట్టె కడుతున్నప్పుడు ఒక్కటే అనుకునేవాణ్ణి, ఆకివీడులో ఒకడున్నాడు, వాడు నన్ను వదలడని.”

“అయిపోతుందిరా ఆట.”

“అయిపోనీ. ఓడినవాడు కొత్తది మొదలెడతాడు. ఆ పద్ధతి పెట్టింది నువ్వేగా.” కుడిచేతికి గొట్టాలుండటంతో ఎడమచేత్తో దిండు కింద వెతికి పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు. “నా వంతు ఆడేశాను. గోడ కట్టుకున్నాను. చూసుకో.”

గురువారం మధ్యాహ్నం ఏసుకుమార్ షాపులో కంప్యూటర్ తెరిచాడు. ఏనుగుల్ని ఏరు దాటించాడు. గోడ గట్టిగానే కట్టాడు వెంకట్రాజు, నాలుగు ఏనుగులు పోయాయి. విలుకాళ్ళు పడిపోయారు. కోట పేరు మారుస్తావా అని ఆట అడిగింది. వద్దని నొక్కాడు. శుక్రవారం వ్యానుకు అగ్గిపెట్టె ఇచ్చాడు.

శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. “దొంగనాకొడకా, గోడ ఉన్న వైపే వచ్చావేంరా?” అన్నాడు వెంకట్రాజు. గొంతు నీరసంగా ఉంది. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

సోమవారం తెల్లవారుజామున అతను పోయాడు. ఏసుకుమార్ గూడెం వెళ్ళి, పాడె ఒక పక్క పట్టుకుని నడిచి, సాయంత్రానికి తిరిగొచ్చాడు.

మంగళవారం వ్యాను వచ్చిన చప్పుడు విన్నా లేవలేదు. పాపారావే లోపలికొచ్చాడు. రాజ్యం మాట ఎత్తలేదు. తడిసిన ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు.

“ఆదివారం రాజుగారే ఇచ్చారండి. నిన్న ఆ హడావిడిలో మీకు చెప్పలేకపోయాను.”

అతను వెళ్ళాక ఏసుకుమార్ అగ్గిపెట్టె తెరిచాడు. కొత్త ఆట. ఓడినవాడి మొదటి వంతు అయిపోయింది. తెర మీద ఏసుకుమార్ కోట ఒక్కటే చిన్న వెలుగులో ఉంది, చుట్టూ చీకటి. ఆ చీకట్లో ఎక్కడో వెంకట్రాజు కోట ఉంది. దానికి ఏం పేరు పెట్టాడో తెలియదు.

మోటారు కోసం వచ్చిన చెరువు రైతు శ్రీహరి గుమ్మంలో నిలబడ్డాడు. ఏసుకుమార్ చూడలేదు. కోటకు కందకం తవ్వించాడు. ఒక గుర్రపువాణ్ణి ఏటివైపు పంపాడు. ఇంకేదీ మిగల్లేదని రెండుసార్లు చూసుకుని వంతు ముగించే మీట నొక్కాడు. తెర నల్లబడి అవతలి ఆటగాడి పాస్‌వర్డ్ అడిగింది.

అతను కుర్చీ తిప్పుకుని వీధివైపు చూస్తూ కూర్చున్నాడు.

“మోటారు అయ్యిందాండి? చేపలు పైకి తేలిపోతున్నాయి” అన్నాడు శ్రీహరి.

“అయ్యిందండి. ఆ మూల ఉంది, మీరే తీసుకోండి” అన్నాడు ఏసుకుమార్, వెనక్కి తిరక్కుండా.