అమ్రాబాద్‌కు కిరసనాయిలు స్టవ్వు

ఆ వేసవిలో నేను అమ్రాబాద్ పోవడానికి కారణం నా స్నేహితురాలు షమీమ్. నల్లగొండలో ఇద్దరం ఒకే బడిలో చెప్పేవాళ్లం. ఆమె లెక్కలు, నేను భూగోళం. అమ్రాబాద్‌లో ఉండే వాళ్ల అక్క హలీమాకు దగ్గు పట్టుకుంది. అచ్చంపేట దవాఖానలో డాక్టరు పొయ్యి పొగకు దూరంగా ఉండమన్నాడట. షమీమ్ కొత్త వత్తుల స్టవ్వు కొని, నన్ను తోడు రమ్మంది.

ఆ ఏడు నేను పిల్లలకు పొగలోని బొగ్గుపులుసు వాయువు పాఠం చెప్పాను. చలిదేశాల వాళ్లు ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి, ధనిక దేశాల వాళ్లు కార్లకూ కార్ఖానాలకూ, మనబోటివాళ్లం వంటకూ సేద్యానికీ బొగ్గో నూనో కట్టెలో మండిస్తామని. చెప్పిన పాఠాన్ని కళ్లతో చూడొచ్చన్న ఆశ కూడా నన్ను బస్సెక్కించింది.

పొద్దున ఆరింటికి దేవరకొండ బస్సు. కండక్టరు స్టవ్వును చూసి ఏమీ అనలేదు గానీ, పక్కనున్న కిరసనాయిలు డబ్బా వాసన పట్టాడు.

"స్టవ్వు తీస్కపోండ్రి. నూనె డబ్బ ఎక్కనియ్య. బీడీలు తాగెటోళ్లుంటరు."

షమీమ్ ఎంత బతిమాలినా వినలేదు. డబ్బాను బస్టాండు చాయ్ హోటలాయన చేతిలో పెట్టి, "నువ్వే వాడుకో భాయ్" అని ఎక్కేసింది. దారంతా స్టవ్వును ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.

ఊరు దాటగానే ఇటుక బట్టీ, సిమెంటు బస్తాల లారీలు, బత్తాయి తోటలు. ఒక తోట దగ్గర ఎక్కిన ముసలి రైతు నా పక్కన కూర్చున్నాడు. చేతులకు డీజిల్ మరకలు.

"కరెంటు ఎప్పుడొస్తదో తెల్వది. ఇంజన్ పెడ్తున్న" అన్నాడు. "బాయిల నీళ్లు కిందికి పోయినకొద్ది గంత ఎక్కువ నూనె తాగుతాంది తల్లీ."

దేవరకొండలో ఇడ్లీ తిని అచ్చంపేట బస్సెక్కాం. డిండి దాటాక లారీలు పలచబడ్డాయి. అచ్చంపేటలో బస్సు మారాం. అమ్రాబాద్ చేరేసరికి ఎండ వాలింది. దారి పొడుగునా తగ్గుతూ వచ్చిన పొగ హలీమా వంటింట్లో గడప దాటలేనంత దట్టంగా ఉంది. చూరు నల్లగా నిగనిగలాడుతోంది.

హలీమా స్టవ్వును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "మంచిగున్నది. మరి నూనేది?"

రేషన్ నూనె దీపానికే సరిపోదట. అడవిలో ఏరుకునే ఎండుకట్టెకు డబ్బు పెట్టే పనిలేదు. అయినా మా మీది ప్రేమకొద్దీ దీపంలో నూనె వంచి స్టవ్వులో పోసి చాయ్ పెట్టింది. పొద్దుగూకాక కరెంటు పోయింది. దీపం లేదు. చీకట్లో అరుగు మీద కూర్చుని ఆ చాయ్ తాగాం.

షమీమ్ కళ్లు తుడుచుకుంది. "గింత దూరం దేనికి మోసుకొచ్చిన ఆపా?"

"గా స్టవ్వు లేకుంటే నువ్వొచ్చేదానివా?" అని, హలీమా దగ్గుతూనే చెల్లెలి తల నిమిరింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "పొయ్యి బయట పెడ్త అని ఎన్నొద్దుల సంది అంటున్న. రోడ్డుమీదోళ్లు చూస్తరంటడు."

భర్త యాకూబ్‌కు సైకిళ్ల మరమ్మతు దుకాణం ఉంది. చీకట్లో ఆయన ముఖం కనిపించలేదు.

తెల్లవారి కత్తి చప్పుడుకు లేచాను. యాకూబ్ వాకిట్లో వెదుళ్లు చీల్చి తడిక అల్లుతున్నాడు.

"రోడ్డుకు ఇది అడ్డం పెడ్త, టీచరమ్మా" అన్నాడు తలెత్తకుండా. "పొగ పోనీకి పైన జాగా ఉండనే ఉన్నది."

మేం ముగ్గురు ఆడవాళ్లం మట్టి పిసికాం. మూడు రాళ్ల చుట్టూ మెత్తాం. ఆరకముందే హలీమా తొందరపడి జొన్నరొట్టె కాల్చింది. పొగ నిటారుగా లేచి చెట్లలోకి పోయింది. ఆమె దగ్గు ఆగిందని అనను. కానీ ఒక్కో రొట్టెకు ఒక్కో కబురు చెప్పేంత ఊపిరి దొరికింది. యాకూబ్ పక్కనే కూర్చుని మూడు రొట్టెలు తిన్నాడు. వానాకాలం కట్టె తడిసినప్పటికని స్టవ్వును అటక మీద పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు బస్సు. దారిలో మళ్లీ ఇంజన్లు, లారీలు, బట్టీలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. ఎవరూ సరదాకు మండించడం లేదు. నీళ్లు లోతుకు పోయినచోట డీజిల్, ఇళ్లు లేస్తున్నచోట ఇటుక బట్టీలో బొగ్గు, అడవి పక్కన కట్టె. ఎక్కడివాళ్లకు ఏది అందుతుందో, ఏది అవసరమో, అదే పొగై లేస్తోంది.

అచ్చంపేటలో ఎక్కిన ఒక అవ్వ షమీమ్ కొంగు వాసన చూసింది.

"అడివిల కెళ్లి వస్తున్నరా బిడ్డా? పొగ వాసనొస్తాంది."

"అక్క ఇంటికెళ్లి వస్తున్నం అవ్వా" అంది షమీమ్, కొంగు ముఖానికి దగ్గరగా పట్టుకుని.