ఫినాయిల్ అమ్మమ్మ పోసిన నీళ్లు

ఆవిడను వీధిలో అందరూ ఫినాయిల్ అమ్మమ్మ అంటారు. పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఆయాగా చేసి రిటైరైంది. ఆవిడ తుడిచిన గదిలో కోసిన రోగికి కుట్లు చీము పట్టవని సర్జన్‌గారు ఓసారి అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మాట తలకెక్కింది, మళ్లీ దిగలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకోవాల్సిందే. కొందరు రావడమే మానేశారు. ఇల్లు మరింత శుభ్రంగా ఉందని ఆవిడ సంతోషించింది.

కూతురు బట్టల దుకాణంలో పనిచేస్తుంది, అల్లుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. ఆరేళ్ల మనవరాలి ఆలనాపాలనా అంతా అమ్మమ్మదే. పిల్ల బడికి వెళ్లడం మొదలెట్టినప్పటి నుంచి ఆవిడ స్నానం నీళ్లలో క్రిములు చంపే ఆసుపత్రి లోషన్ కలుపుతోంది. తన మనవరాలు కడిగిన ముత్యమని ఆవిడ గొప్ప.

ఒకనాడు పిల్ల ఒంటేలుకి కూర్చుని, మంట అంటూ ఏడ్చింది. అక్కడంతా ఎర్రబడి ఉంది, దురద కూడా. బడిలో దుమ్ములో కూర్చుంటోంది, క్రిములు పట్టాయని అమ్మమ్మ తేల్చేసింది. క్రిములతో ఆవిడకు పాత పగ. ఆ రోజు నుంచి రెండు పూటలా సబ్బు పెట్టి కడిగింది. మంట పెరిగింది, దాంతో లోషనూ పెరిగింది. ఒంటేలుకి భయపడి పిల్ల మంచినీళ్లు తాగడం మానేసింది.

"ఇలాగైతే దీన్ని నీ దగ్గర వదిలి నేనెలా వెళ్లనమ్మా? వాళ్ల నానమ్మ దగ్గరికి పంపేస్తా," అంది కూతురు.

ఆ పిల్ల లేని ఇంట్లో తానేం చేయాలో అమ్మమ్మకు తెలియదు.

ముగ్గురూ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. "నువ్వు అమ్మ ఒళ్లోనే ఉండు. నేను చూస్తానంతే. వద్దంటే ఆపేస్తా," అని పిల్లకు చెప్పి, ఒప్పుకున్నాకే డాక్టరు చూసింది. ఒంటేలు పరీక్షలో ఏ దోషమూ లేదు.

"స్నానం దేంతో చేయిస్తున్నారు?"

అమ్మమ్మ లోషన్ కొలతలతో సహా గర్వంగా అప్పజెప్పింది.

"మంట దానివల్లేనమ్మా. ఈ వయసులో అక్కడి చర్మం బాగా పల్చన. చిన్నపిల్లల్లో మేం తరచూ చూసేదే. లోషన్, సబ్బు ఆపేయండి. గోరువెచ్చని నీళ్లు చాలు. వదులుగా ఉండే నూలు బట్టలు వేయండి, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం నేర్పండి. పైన ఈ ఆయింట్‌మెంట్ పల్చగా రాయండి. తగ్గకపోతే మళ్లీ తీసుకురండి."

"ఉత్త నీళ్లకి క్రిములు చస్తాయా డాక్టరమ్మా?"

"ఇది ఆపరేషన్ థియేటర్ కాదమ్మా, పసిపిల్ల."

ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి స్నానం కూతురే చేయించింది. మంట తగ్గింది, పిల్ల గటగటా నీళ్లు తాగుతోంది. నానమ్మ దగ్గరికి పంపే మాట కూతురు మళ్లీ ఎత్తలేదు. అయినా అమ్మమ్మకు తన చేతులంటేనే భయం పట్టుకుంది. జడ వేయమన్నా, అన్నం కలిపి పెట్టమన్నా అమ్మనడగమంటోంది.

ఒక పొద్దున కూతురు త్వరగా పనికి వెళ్లిపోయింది. పిల్ల స్నానానికని బాత్రూం గుమ్మంలో నిలబడి అమ్మమ్మ వైపు చూసింది.

"అమ్మమ్మా, నా మీద కోపమా?"

"నీ మీద కోపమెందుకే తల్లీ?"

"మరి నన్ను ముట్టుకోవట్లేదుగా. నాకింకా క్రిములు పోలేదా?"

అమ్మమ్మ పిల్లను గుండెలకు అదుముకుంది. "నీకేం లేవు తల్లీ, ఎప్పుడూ లేవు. తప్పంతా నాదే," అంటూ భోరుమంది.