కొరియన్ పలికి దీపం ఆర్పిన వైనం

ఒక్క అక్షరంతో ఫ్యాక్టరీ మొత్తానికి అపశకునం తెచ్చిపెట్టిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

తొంభైల్లో నాచారంలోని మా ఫ్యాక్టరీకి కొరియా నుంచి కొత్త మెషీన్ వచ్చింది. దాన్ని బిగించడానికి కిమ్ గారనే ఇంజనీరు వస్తున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి మాలో ఒక్కణ్ణే ఎంచుతారట. ఆ ఒక్కడూ నేనే కావాలి! ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇంగ్లీషు ద్వారా కొరియన్ నేర్పే పుస్తకం కొని కూర్చున్నాను.

అంతకుముందు హబ్సిగూడలో నాకు ఇంగ్లీషు నేర్పిన మాస్టారు, 'పెన్' అంటే నోటి ముందు పెట్టిన అరచేతికి గాలి తగలాలనేవారు. నా తెలుగు నోటికి ఆ గాలి పట్టుబడడానికి ఆర్నెల్లు పట్టింది. అంత కష్టపడి సంపాదించిన గాలిని ఊరికే వదులుకుంటానా? పరాయి భాషలన్నీ ఒకే తాను ముక్కలని తేల్చేసి, కొరియన్ మాటలన్నిటికీ అదే గాలి కొట్టాను.

మా వర్క్‌షాపులో పెద్దవాడు సత్తెన్న విని, "ఏంది తమ్మీ, మాట్లాడుతున్నవా, పొయ్యి ఊదుతున్నవా?" అన్నాడు.

"నీకేం తెల్సన్నా! ఫారిన్ భాష గిట్లనే ఉంటది."

ప్రారంభోత్సవం నాడు మెషీన్ ముందు బల్ల మీద ప్రమిద పెట్టారు. కిమ్ గారు దీపం వెలిగించారు. నేను ఆయనకు ఎదురుగా నిలబడి, పుస్తకంలో చెప్పినట్టు వినయంగా నడుము వంచాను. నోరు సరిగ్గా మంట ముందుకొచ్చింది. కలిసినందుకు సంతోషమని చెప్పాలిగా, ఛాతీ నింపుకొని, "పన్‌గప్సుమ్నిదా!" అన్నాను.

మొదటి 'ప'కే దీపం ఆరిపోయింది.

కొబ్బరికాయ ఎత్తిన పూజారి చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. "అయిపాయె! ఇగ మెషీన్ నడిసినట్టే," అన్నాడు సత్తెన్న. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఎంపిక మాట అటుంచి, గేటు బయటికి ఎటు పరుగెత్తాలా అని చూస్తున్నాను.

కిమ్ గారు మాత్రం నవ్వి, మళ్లీ వెలిగించి, అదే మాట మంట దగ్గరే పలికారు. మంట కదిలిందో లేదో! "నో ఇంగ్లిష్," అన్నారు నా నోరు చూపించి. "లైక్ హోమ్. ట్రై."

ఇంట్లో పప్పు వడ్డించమన్నట్టు మెత్తగా అన్నాను. మంట ఊగింది, తూలింది, నిలబడింది. షాపంతా చప్పట్లు! గాలి లేని మన తెలుగు 'ప'ను నోట్లో పెట్టుకొని ఊరంతా వెతికానన్నమాట.

"దిస్ మ్యాన్," అన్నారు కిమ్ గారు మేనేజరుతో, నా భుజం తట్టి. నాకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపటి సంది సార్ పక్కన్నే ఉండు," అన్నాడు మేనేజరు. క్షణం ఆలోచించి, "జర దూరంగ ఉండు," అని సవరించాడు.

రెండోసారి వెలిగిన ఆ అగ్నిసాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: దీపానికి మూడు గజాల దూరంలో ఉంటే తప్ప, ఏ పరాయి భాషలోనూ నోరు తెరవను.