మూడు పానాల ఆట

ఎక్కడైనా వీడియో గేమ్ మోత వినిపిస్తే ఇప్పటికీ నాకు బతుకుతెరువుకు వలసపోయిన నవాగామ్‌లోని మా ఇరుకు గది గుర్తొస్తుంది. కరోనాకు పక్కనే ఉధ్నాలో పవర్‌లూమ్‌లు మూతపడ్డాయి. మగ్గాలకు నూలు కండెలు చుట్టే మా చిన్నమ్మ చేతులకు పని లేదు. మధ్యాహ్నమైతే ఇద్దరం టీవీ ముందు కూర్చుని, హిందీలోకి డబ్ చేసిన ఒక జపాన్ ఆట చూసేవాళ్లం.

వీడియో గేమ్‌ను నిజమైన మనుషులతో ఆడించడమే ఆ ఆట. కప్ప వేషం వేసుకున్న పెద్దమనిషి ఒకడు, ఊగే రబ్బరు దుంగల మధ్య నుంచి పరుగెత్తేవాడు. ఛాతీ మీద మూడు ఎర్ర దీపాలు. దుంగ తగిలితే ఒకటి ఆరిపోయేది. "ఏక్ జాన్ గయీ!" అని, ఒక ప్రాణం పోయిందని వ్యాఖ్యాత కేక.

"ఏందిరా, జాన్ పోయిందంటున్నడు, వాడేమో ఉరుకుతనే ఉన్నడు?"

"వానికి మూడు పానాలు చిన్నమ్మా."

"మనకొక్కటిచ్చి జపానోనికి మూడిచ్చిండా దేవుడు!"

"దేవుడు గాదు, టీవీవోల్లిచ్చిండ్రు."

"నీకు దేవుడంటెనే కడుపుమంట."

ఆమెకు షుగర్. మా సందులోనే మనుషులు పోతున్నారు. అయినా టీకా వద్దంది. సూది వేయించుకున్నవాళ్లకూ జబ్బు వస్తోందట, ఇక సూదెందుకట! తలుపుకు నిమ్మకాయ కట్టింది. యౌవనమంతా సంఘసంస్కరణ సభల్లో వాదించినవాణ్ణి, ఊరుకుంటానా? నిమ్మకాయకు రోగం జడిస్తే పప్పులో పిండుకునే మన జాతికి జలుబే రాకూడదన్నాను.

"పిండితె పులుసు, కడితె కాపలా" అని నా నోరు మూయించింది.

ఒకరోజు కప్ప మనిషికి దారిలో నక్షత్రంలా మెరిసే చుక్క దొరికింది. ఆ చుక్క చేతిలో ఉంటే దీపం ఆరదని వ్యాఖ్యాత చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. "చూసినవా! టీకా అంటె గదే!"

అంతలో దుంగ తగిలి కప్ప మనిషి దభేలున బురదనీళ్లలో పడ్డాడు.

చిన్నమ్మ పగలబడి నవ్వింది. "చుక్కున్నోడు గూడ పడె గదరా!"

పడలేదని ఎలా అనను? కళ్లముందు నిజం కనిపిస్తుంటే దాన్ని దాచే వాదం నాకు చేతకాదు. "పడ్డడు. దీపాలు చూడు" అన్నాను.

మూడూ వెలుగుతున్నాయి. వాడు దగ్గుతూ, బురద తుడుచుకుంటూ లేచాడు.

"పానం బాగలేదు గాని, పానం పోలే" అందామె మెల్లగా.

మా పలుకులో ఒంట్లో బాగుండకపోయినా పానమే, చచ్చిపోయినా పానమే. ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడాయే టీకా అని అన్నాళ్లూ ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

మర్నాడు ఉధ్నా టీకా కేంద్రంలో చిన్నమ్మ నర్సు ముందు చేయి చాపి, "బెహెన్, సితారా దే దో" అని ఆ చుక్కనే అడిగింది. నర్సుకు అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక ఆమెకు జ్వరం తగిలింది. గంజి తెచ్చి, ఎట్లుందని భయంభయంగా అడిగాను.

"పానం బాగలేదురా" అని దుప్పటిలోంచి గుండె మీద చేయి వేసి చూపింది. "దీపాలైతె ఎలుగుతున్నయి. టీవీ పెట్టు."