సరుగుడు తోపులో ఆడవాళ్ళ బాట

పుదుచ్చేరి నుంచి వీరాంపట్టినం వైపు పోతుంటే సముద్రపు ఒడ్డున ఉండే సరుగుడు తోపులో ప్రతి మలుపూ వేలాయుధానికి కంఠతా వచ్చు. నీలిమందు వ్యాపారం చేసిన దొర ఒకడు వేయించిన తోట అది. దొర పోయాక వారసులు ఓడెక్కి వెళ్ళిపోయారు. పదేళ్ళపాటు ఆ తోటను పట్టించుకునే దిక్కు లేకపోయింది. ఆ పదేళ్ళలో అక్కడ బాటలు వేసినవి ఆడవాళ్ళ పాదాలే. రాలిన ఆకును పొయ్యిలోకి ఊడ్చుకుని, మోపులు కట్టి ఇసుకలో ఈడ్చుకుపోతుంటే పడిన దారులవి. తల్లి లేని వేలాయుధాన్ని పెంచిన చిన్నమ్మ కన్నియమ్మాళ్ వాళ్ళలో ఒకతె. దోసెలు పోసి అమ్ముకునేది. ఆ ఆకు లేనిదే ఆమె పొయ్యి మండదు.

1911లో సర్కారు ఆ తోపును దొరల, దొరసానుల షికార్లకు తెరిచింది. కాపలా కాసి ఆకు ఊడవడానికి బాటలు తెలిసిన మనిషి కావాలని తోపు మేస్త్రీ భక్తవత్సలం వెతికితే వేలాయుధం దొరికాడు. ఖాకీ చొక్కా ఇచ్చారు, రొమ్ము మీదికి ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. దాంతో మనవాడికి నోరు ఆగలేదు. తెలిసిన బాటలన్నీ గొప్పకు చూపించేశాడు, వెనక కంచెలో ఆడవాళ్ళు దూరే సందుతో సహా. మర్నాడు మేస్త్రీ ఆ సందులో నాగజెముడు నాటించాడు. నాటిన చేతులు వేలాయుధానివే.

"ఏందిరా, ముళ్ళు పెట్టినావంట?" అంది చిన్నమ్మ.

"దొరసానులు నడిచే చోటు చిన్నమ్మా. మీరు మోపులు ఈడుస్తా ఉంటే బాగుంటాదా?"

"మేము ఈడవకపోయుంటే నీ దొరసానులు యాడ నడుద్దురు?"

నాలుగో రోజు సాయంత్రం కన్నియమ్మాళ్ తట్ట పట్టుకుని తిన్నగా పెద్ద గేటుకే వచ్చింది. అప్పుడే ఇద్దరు దొరసానులు గొడుగులు వేసుకుని లోపలికి వస్తున్నారు. మేస్త్రీ నడుము వంచి దండం పెడుతున్నాడు.

"ఎవరా ముసల్ది? నీకు తెలుసా?" అన్నాడు మేస్త్రీ, తల తిప్పకుండానే.

"తెలవదయ్యా" అనేశాడు వేలాయుధం.

కన్నియమ్మాళ్ అతని మొహంలోకి ఒక్కసారి చూసింది. తట్టను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"నాకూ ఈ సామి ఎవరో తెలవదు. దారి తప్పి వచ్చినా" అని వెనక్కి తిరిగింది.

ఆమె అట్లా అనకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. దీపాలు పెట్టే వేళకు ఆకుమోపు నెత్తిన పెట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె పిండి రుబ్బుతోంది.

"ఎవరు సామీ మీరు? ఇల్లు తప్పినారా?"

"తిట్టు చిన్నమ్మా."

"తెలవని మనిషిని యాడన్నా తిడతారా? మేము ఊడిస్తే దొంగతనం, బిళ్ళ తగిలించుకున్నోడు ఊడిస్తే కాదా? తీసుకపో నీ మోపు."

రాత్రంతా ఎట్లా గడిచిందో గానీ, తెల్లవారగానే వేలాయుధం బిళ్ళ విప్పి గుప్పిట్లో పట్టుకుని మేస్త్రీ ముందు నిలబడ్డాడు.

"అయ్యా, నిన్న వచ్చినామె నన్ను పెంచిన చిన్నమ్మ. తెలవదని అబద్ధం చెప్పినాను."

"నిన్న ఎవరొచ్చారు?" అన్నాడు భక్తవత్సలం. నిజంగానే అతనికి గుర్తు లేదు.

"తట్ట పట్టుకుని... ఆకు కోసం..."

"ఓ, అదా! దొరసానుల కంట పడకూడదనే ముళ్ళు పెట్టించా. వాళ్ళు వచ్చేలోపల ఊడ్చుకుపోతే నాకేం నష్టం? నీ పని తగ్గుతుంది. బిళ్ళ పెట్టుకో, పొద్దెక్కుతోంది."

అడిగితే అయ్యే పని. ఆ మాట అడగకుండానే, తనను పెంచిన మనిషిని కాదన్నాడు. వేలాయుధం ఆ పూటే కంచె దగ్గర నాగజెముడు పీకేశాడు. అరచేతుల్లో ముళ్ళు దిగుతున్నా ఆపలేదు.

కన్నియమ్మాళ్ మళ్ళీ తోపుకు వచ్చింది. ఇంట్లో ఎప్పటిలాగే "రేయ్" అని పిలిచి అన్నం పెట్టేది. తోపులో ఎదురైతే మాత్రం మోపుతో బాట పక్కకు తప్పుకుని, "దండాలు సామీ" అనేది. చనిపోయేదాకా అదే మాట.

అట్లా పిలవొద్దని అడగడానికి వేలాయుధానికి ఒక్కనాడూ మొహం చెల్లలేదు.