పడలేదని రాసిన పదకొండేళ్లు

పేటలో ఆమెను అందరూ ప్రశ్నలమ్మ అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆరోగ్య కేంద్రం హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. చంకలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద నాలుగేసి పేజీల కాగితాలు. అరవై అయిదు దాటినవాళ్ల ఇళ్లకు ఆరు నెలలకోసారి వెళ్లి, నలభై రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు గడుల్లో రాసుకురావాలి. పెద్ద డాక్టరు దాన్ని పరిశోధన అనేవారు. ఆమె మాత్రం తిరుగుడు అనేది. ఎండకు నడిచేది ఆమె కాబట్టి ఆమె మాటే నాకు సబబుగా తోస్తుంది.

ప్రశ్నలు మరీ కష్టమైనవేం కావు. నిద్ర పడుతోందా, మాత్రలు ఎవరు అందిస్తారు, స్నానం ఎవరి సాయం లేకుండా చేస్తారా. ముసలివాళ్లు ఒక్క ప్రశ్నకు మూడు పేటల కబుర్లు చెప్పేవాళ్లు. ఆమె ఓపిగ్గా విని, అందులోంచి అవును, కాదు ఏరుకునేది. పేచీ అంతా పదిహేడో ప్రశ్నతోనే వచ్చింది. "గత ఆరు నెలల్లో కింద పడ్డారా? ఎన్నిసార్లు?"

పడ్డామని ఎవరైనా చెబితే ఆ ఇంటికి డాక్టరు సంతకంతో ఉత్తరం వెళ్లేది. మీ ఇంట్లో పెద్దవారు పడుతున్నారు, తగిన జాగ్రత్త తీసుకోగలరు అని నాలుగు వాక్యాలు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే పెట్టారు, కాదనను. కానీ తగిన జాగ్రత్త అంటే ఏమిటో ఆ నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేదు.

మొదటి ఏడాది దర్జీ తాత చెప్పాడు. ఇంటి మెట్ల మీద ఒకసారి, మలుపు దగ్గర టీ కొట్టు ముందు ఒకసారి పడ్డానని నవ్వుతూ చెప్పాడు. ఆమె రెండు అని రాసుకుంది. ఉత్తరం వెళ్లింది. కొడుకూ కోడలూ చెడ్డవాళ్లు కారు, భయపడ్డారంతే. వీధి తలుపుకు పైన గొళ్లెం పెట్టించారు. మంచం వెనక గదిలోకి మార్చారు. టీ ఫ్లాస్కులో పోసి మంచం దగ్గరికే తెచ్చిచ్చారు. ఆర్నెల్లకు ఆమె మళ్లీ వెళ్లేసరికి ఆ మనిషి కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. కోడలు పక్కగదిలోకి వెళ్లేదాకా ఆగి గొంతు తగ్గించి అన్నాడు.

"నోరు జారానమ్మా. పడటం తప్పు కాదు, నీకు చెప్పడం తప్పైంది."

మరుసటి ఏడాదికి తాత లేడు. ఆయన కాళ్లు తీసింది జబ్బు కాదు, తన పెన్నే అనుకుంది ఆమె. కొంత నిజమే మరి.

ఆ సంగతి పేటంతా పాకింది. అప్పట్నుంచి పదిహేడో ప్రశ్నకు ఒకటే జవాబు. లేదమ్మా, లేదు, అబ్బే లేదు. మోచేతి దెబ్బ కనపడకుండా పమిట లాక్కుని మరీ లేదనేవాళ్లు. ఆమెకు తెలియక కాదు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి వింటున్నప్పుడు ఏ ముసలి ప్రాణి నిజం చెబుతుంది?

అప్పుడే ఆమె తనంతట తాను ఒక రూలు పెట్టుకుంది. పడి, ఇంకొకరి చెయ్యి అక్కర్లేకుండా లేచి నిలబడితే అది పడటం కాదు, తూలడం. తూలడానికి కాగితంలో గడి లేదు కాబట్టి రాయనక్కర్లేదు. వీధి అరుగుల మీద ఒంటరిగా దొరికినవాళ్ల చెవిలో ఆ రూలు వేసింది. వాళ్ల మొహాలు చూడాలి అప్పుడు! జైలు తప్పినంత సంబరం.

"అయితే నేను నాలుగుసార్లు తూలానే తల్లీ," అనేది ఒక పెద్దమ్మ, ఘనకార్యం చేసినట్టు.

"తూలితే తూలావుగానీ పెద్దమ్మా, మంగళవారం పొద్దున్నే నడక మాస్టారి దగ్గరికి రా. రాకపోతే ఈసారి పడ్డావనే రాస్తా," అని ఆమె బెదిరించేది.

నడక మాస్టారంటే ఆరోగ్య కేంద్రంలో ఫిజియో. వెనకవైపు పొడుగాటి గదిలో నడుమెత్తు కడ్డీలు రెండు, ఎక్కడికీ వెళ్లని మూడు చెక్క మెట్లు, గోడకు నిలువుటద్దం. వారానికి రెండు రోజులు ముసలివాళ్లను వరసగా నిలబెట్టి, ఒంటికాలి మీద పది లెక్కపెట్టించేవాడు. కింద కూర్చుని లేవడం, మలుపు తిరగడం, వెనక్కి అడుగెయ్యడం నేర్పేవాడు. ఆమె నోటిమాట మీద ముప్పైమంది దాకా వచ్చేవాళ్లు. ఎందుకొచ్చారని ఆయన అడగడు, వాళ్లు చెప్పరు. కొన్నాళ్లకు నిజంగానే పడటం తగ్గింది. తూలడం కూడా తగ్గింది. ఆమె లోలోపల పొంగిపోయేది. కాగితం మీద అబద్ధం, కాళ్లలో నిజం, ఇందులో ఎవరికి నష్టం అనుకునేది.

నష్టం పైనుంచి వచ్చింది. మొదటి ఏడాది పడ్డవాళ్లు తొంభై ఆరుమంది. తర్వాత ముప్పై ఒకటి, ఆ తర్వాత పద్నాలుగు, ఆ పైన ఎప్పుడూ పది దాటలేదు. పెద్ద డాక్టరు ఆ అంకెలు చూసి మురిసిపోయారు. ఏడాది తిరగకుండా ఇంత తగ్గుదల ఎందుకొచ్చిందా అని తీరిగ్గా కూర్చుని ఆలోచించారు. ఆ ఏడాది కొత్తగా ఏం చేశాం? ఉత్తరాలు పంపాం. మాస్టారి క్లాసు అంతకుముందు కూడా ఉన్నదే కదా. అంచేత పడటాన్ని ఆపింది ఉత్తరమేనని తేల్చారు. గ్రాఫులు గీయించారు, వ్యాసాలు రాశారు, సభల్లో చదివారు, దండలు వేయించుకున్నారు. ఒక సభకు ఆమెను కూడా తీసుకెళ్లి, ఈవిడ లేకపోతే ఈ పరిశోధన లేదు అని అందరిముందూ నిలబెట్టారు. ఆమె చప్పట్లు వింటూ తల వంచుకుంది. వినయం అనుకున్నారంతా.

పదకొండో ఏట పైవాళ్లు నిర్ణయం తీసుకున్నారు. ఉత్తరంతో అయ్యే పనికి మనిషెందుకు? ఉత్తరాల పద్ధతి ఇంకో పదహారు కేంద్రాల్లో మొదలుపెట్టారు. ఫిజియో ఉద్యోగం ఎత్తేశారు. మాస్టారు కడ్డీలకు నూనె రాసి, తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ గదిలో ఇప్పుడు అచ్చేసిన ఉత్తరాల పెట్టెలు పేర్చి ఉన్నాయి.

ఆ రోజైనా ఆమె నోరు విప్పాల్సింది. విప్పలేదు. రేపు చెబుదాం, సందు చూసుకుని చెబుదాం అనుకుంటూ నాలుగు నెలలు గడిపేసింది. ఎందుకని నన్ను అడక్కండి. చప్పట్లు కొట్టించుకున్న నోటితో నిజం చెప్పడం ఎంత కష్టమో కొట్టించుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆమె ఇంట్లో ఉండేది ఆమే, తల్లీ. తల్లి ఒకప్పుడు బడిలో ఆయాగా చేసింది. డెబ్బై ఆరేళ్లు, నోరు మాత్రం పదహారేళ్లది. తల్లి కూడా ఆ జాబితాలో ఒక నంబరే, రెండువందల ఎనిమిది. ప్రశ్నల రోజున ఉతికిన చీర కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, కూతుర్ని మీరు అని పిలుస్తూ ఆటపట్టించేది. పదిహేడో ప్రశ్నకు, "లేదండీ, మా అమ్మాయి మీద ఒట్టు," అనేది. కూతురు నవ్వుతూ లేదు అని రాసుకునేది. పేటలో ప్రతి ఒక్కరి మోచేతులు చూసిన మనిషి సొంత తల్లి మోచేతులు చూడలేదు.

ఒకరోజు పొద్దున పదింటికి ఆరోగ్య కేంద్రానికి పక్కింటావిడ పరుగున వచ్చింది. తల్లి స్నానాల గదిలో పడింది. ఈసారి లేవలేదు. పెద్దాసుపత్రిలో తుంటి ఎముకకు ఆపరేషన్ చేశారు. "వారానికి మూడుసార్లు ఫిజియో దగ్గర నడిపించండి. రెండు నెలల్లో నడవకపోతే ఇక నడవరు," అని చెప్పి పంపించారు.

ఇంటికి తెచ్చిన సాయంత్రం పక్కింటావిడ నీళ్లు నమిలి, ఇక ఆగలేక చెప్పేసింది.

"ఇది మొదటిసారి కాదు వదినా. పోయిన నెలలో గుమ్మం దగ్గర నా కళ్లముందే పడింది. నీకు చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది."

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"తనంతట తాను లేచింది కదా! అది పడటం కాదట, తూలడమట. మా అమ్మాయే చెప్పింది అంది."

ఆమె గదిలోకి తొంగిచూసింది. లోపల మంచం మీద తల్లి కళ్లు మూసుకుని నిద్ర నటిస్తోంది.

మర్నాడు డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. పదకొండేళ్ల సంగతి దాచకుండా చెప్పింది. దర్జీ తాత నుంచి తల్లి దాకా, ఎవరు ఎన్నిసార్లు పడితే తను లేదని రాసిందో గుర్తున్నంతవరకూ చెప్పింది. డాక్టరు విన్నారు. రోజుకు ఎనభైమందిని చూసే మనిషి, కళ్ల కింద సంచులు. కోప్పడతారనుకుంది. కోప్పడితే బాగుండేది.

"ఉద్యోగం తీసేయండి, పర్లేదు," అంది. "నడక మాస్టార్ని మాత్రం వెనక్కి రప్పించండి సార్. మా అమ్మ ఒక్కతే కాదు, క్లాసు ఆగాక పేటలో మళ్లీ పడుతున్నారు."

"ఏం చూపించి రప్పించను? లెక్కలన్నీ అక్కర్లేదనే చెబుతున్నాయి."

"ఆ లెక్కలు నేను రాసిన అబద్ధాలు కదండీ."

"పదహారు కేంద్రాల్లో ఉత్తరాలు వెళ్తున్నాయమ్మా ఇప్పుడు."

"వెళ్లిన ప్రతి ఇంటికీ గొళ్లెం పడుతోంది సార్."

డాక్టరు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. "ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే ముసలివాళ్ల గురించి మనం చెప్పే ఏ మాటా రేపట్నుంచి ఎవరూ నమ్మరు. అంతా బుట్టదాఖలు. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇక్కడితో వదిలేద్దాం."

వదిలేశారు. ఆమె లేవబోతుంటే పాపం గుర్తొచ్చి అడిగారు. "మీ అమ్మగారు ఇప్పుడు నడవడం లేదు కదా? నంబరు ఎంత?"

"రెండువందల ఎనిమిది."

"సొంతంగా నడవలేనివాళ్లు ఈ పరిశోధన పరిధిలోకి రారు. ఈ విడత మొదలెట్టకముందే ఆ నంబరు కొట్టేయ్. లేకపోతే లెక్క తేడా వస్తుంది."

ఒళ్లు మండిపోయింది ఆమెకు. అట్ట ఆయన బల్లమీద విసిరేసి వచ్చేసిందని రాయాలని నాకూ ఉంది. రాయలేను. బయట బల్ల దగ్గర కూర్చుని, స్కేలు పెట్టి, రెండువందల ఎనిమిది మీద ఎర్ర సిరాతో నిలువునా గీత గీసింది. ఆ విడత పేటలో పడ్డవాళ్ల లెక్కలో చేరాల్సిన ఒకటి చేరకుండానే పోయింది.

రెండు నెలలు ఆమే నడిపించాలని చూసింది. చంకల కింద చేతులేసి లేపేది. తల్లి అరిచేది, ఆమె భయపడి పడుకోబెట్టేసేది. పనికి వెళ్లేటప్పుడు, తల్లి దిగే ప్రయత్నం చేయకుండా మంచానికి అడ్డంగా కుర్చీ పెట్టి వెళ్లేది. మూడో నెలకు నడిపించడం మానేసింది. కుర్చీ మాత్రం మానలేదు.

ప్రశ్నల రోజు వచ్చింది. వీధిలో ఇరవై ఇళ్లు తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరింది. తల్లి పొద్దున్నే పక్కింటావిడ చేత ఉతికిన చీర కట్టించుకుని ఉంది.

"ఇంతసేపా? రా, అడుగు. ఈసారి ఒట్టూ లేదు, వేళాకోళమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతా."

"ఎందుకులేమ్మా."

"అడగవే. పదిహేడోదే అడుగు. నేను చెబితే ఆ మాస్టారు వస్తాడేమో. తొమ్మిదిసార్లు పడ్డాను. స్నానాల గదిలో నాలుగు, గుమ్మం దగ్గర మూడు, రెండు వీధిలో. రాసుకుంటున్నావా?"

అట్ట మీద మిగిలిన కాగితాలన్నీ ఇంకొకరి నంబర్లవి. ఆమె ఒకటి తిరగేసి, వెనక ఖాళీలో తొమ్మిది అని రాసి తల్లికి చూపించింది.

"పెద్దగా రాయి," అంది తల్లి. "డాక్టరుగారికి కనపడాలి."

ఆమె ఆ అంకె మీదే దిద్ది పెద్దగా రాసింది.